మంగళవారం మంచం

నా కుడి పాదం విషయంలో ఆ ఆసుపత్రిలో ఎవరి పంతం వాళ్లకుండేది. అందరికంటే మొండి పంతం నాది. అందుకే ఇప్పుడు ఆ పాదం సగమే ఉంది.

ఇది చదివేవాళ్లలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లుంటారు, వాళ్లకి అన్నం పెట్టేవాళ్లుంటారు. మీ మేలు కోరి రాస్తున్నానని చెప్పుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి రాస్తేగాని నా మనసు ఒక చోట నిలబడేట్టు లేదు. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్ల మీద నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కోపం ఉండగా పేరు రాయడం న్యాయం కాదు.

నా పేరు దేవదానం. మాది మల్కాపురం. హార్బరులో ఓడల్లోంచి సరుకు దింపే గ్యాంగులకి మేస్త్రిగా చేసి రిటైరయ్యాను. నా మాటకి ఎదురు చెప్పినవాణ్ణి మర్నాడు పనిలోకి రానివ్వని రకం మేస్త్రిని.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, గుడ్ ఫ్రైడే

ఏటా ఆ రోజు మావాళ్లం చెప్పులు లేకుండా కొండ మీది గుడి దాకా సిలువ మార్గం నడుస్తాం. ఆ ఏడు ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడింది. మెట్ల రాళ్లు పెనంలా ఉన్నాయి. పడుచువాళ్లు కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి గెంతుతున్నారు. ఆడవాళ్లు గోడ నీడ పట్టుకుని నడుస్తున్నారు. నేను మాత్రం సిలువ మోసేవాళ్ల వెనకే, నడి ఎండలో, నింపాదిగా ఎక్కాను. నాకేమీ కాలలేదు.

నా బావమరిది బెంజమిన్ నా పక్కనే ఎగురుతున్నాడు. హార్బరులో నా కింద, సరుకు ఎత్తి దించే వించ్ నడిపినవాడు.

"ఏటి బావా, నీయి కాళ్లా, ఇనప కడ్డీలా?"

"విశ్వాసం ఉండాల బావా. నీకు లేదు, అందుకే కాల్తంది," అన్నాను.

ఆ మాట పది మందికీ వినబడేలా అన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా ఆవిడ సుగుణ కెవ్వుమంది. అరికాలు మొత్తం బొబ్బ కట్టి, ఒక పక్క తోలు ఊడి వేలాడుతోంది.

"ఓలమ్మో, ఇదేటి! నీకు నొప్పెట్టనేదా?"

"దేవుడి కోసం నడిచిన కాలే అది. ఆయనే సూసుకుంతాడు. నువ్వు గోల సెయ్యకు."

నొప్పి లేకపోవడమే జబ్బని నాకు తెలియదు. చక్కెర నా పాదాల్లో స్పర్శని ఎప్పుడో తినేసింది. నేను ఆ మొద్దుబారడాన్ని భక్తి అనుకున్నాను. అనుకుని గర్వపడ్డాను.

ఆ ఏడే, వానలు మొదలయ్యాక

మందుల షాపులో ఇచ్చిన పసుపు రంగు మందు పొడి చల్లుకుంటూ రోజులు నెట్టాను. నొప్పి లేని పుండుకి ఆసుపత్రి ఎందుకన్నది నా వాదన. కాలు వాచింది. తర్వాత వాసన మొదలైంది. రిఫైనరీ గాలి వీధంతా కమ్ముకునే చోట కూడా ఆ వాసన వేరుగా తెలుస్తోందని సుగుణ ఏడ్చింది. బెంజమిన్ నన్ను రిక్షాలో పడేసి తీసుకుపోయాడు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ పూట నాకు బాగా గుర్తుంది. చెక్క బల్లల నిండా నా ఈడువాళ్లే. లోపల్నించి ఎవడో వచ్చి పేరు పిలవకుండా "కాలు కేసు" అని అరిచేవాడు. నాలుగైదు కాళ్లు లేచేవి. కూర్మన్నపాలెం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పాదం చూసి ముక్కు మూసుకోలేదు. పక్కకి జరిగి, "ఇటు సాపుకో బాబూ," అని బల్ల మీద తన సగం చోటు నా కాలికిచ్చింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

వార్డులో చేర్చాక తమాషా మొదలైంది. పొద్దున్నే పెద్ద సర్జన్ గారు వచ్చేవారు. "కాలు నేల మీద ఆనించావంటే కోసేస్తాను," అనేవారు. ఆయన వెళ్లాక చక్కెర డాక్టరు వచ్చి ఇంజక్షను మార్చేవాడు. మధ్యాహ్నం గాజువాక బస్సు దిగి కసరత్తు మాస్టారు వచ్చేవాడు. "మంచమ్మీదే ఉంటే నడుం పడిపోద్ది తాతా, లే, నిలబడు," అని రెక్క పట్టి లేపేవాడు. షిఫ్టు మారేటప్పుడు మొహమొహాలు చూసుకోని కూలీల్లా ఒకరు వెళ్లాకే ఇంకొకరు వచ్చేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలిసేది కాదు. తెలుసుకుందామన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. ముసలి ఒళ్లు తలా ఒక ముక్క పంచుకున్నారంతే.

నాకు అది చిరాకు పుట్టించాలి. పుట్టించలేదు. సరదా పుట్టించింది. హార్బరులో నా పద్ధతి అదే. రెండు గ్యాంగుల్ని కలవనిచ్చేవాణ్ణి కాదు. వాళ్ల మీద వీళ్లకీ, వీళ్ల మీద వాళ్లకీ చెప్పి పని లాగేవాణ్ణి. ఇక్కడా అదే చేశాను. సర్జన్ గారితో, "నాను వద్దంతన్నా ఆ మాస్టారు నిలబెడతన్నాడండీ," అని కాదు, "నాను మంచం దిగనే లేదండీ," అనేవాణ్ణి. మాస్టారితోనేమో, "మీ కసరత్తంటే సర్జన్ గారు నవ్వుతన్నారు," అనేవాణ్ణి. అతను ఉడుక్కుని ఇంకాస్త గట్టిగా లేపేవాడు. చక్కెర డాక్టరుకి నేను అన్నం ముట్టని సన్యాసిని.

కట్టు కట్టేది సిస్టర్ కరుణమ్మ. నలభై దాటిన మనిషి, కళ్లద్దాలు, తక్కువ మాట. పరీక్ష గొట్టంలో నీలం మందుతో నా మూత్రం కాచేది కూడా ఆవిడే. రంగు మారే దాకా దీపం దగ్గర నిలబడి చూసేది.

"మళ్లీ ఇటుక రంగే పెద్దాయనా, చక్కెర దిగలేదు. ఏం తిన్నారు?"

"మీ గంజే తల్లీ. ఇంకేటుంటాది ఇక్కడ?"

అప్పటికి నా తలగడ కింద మాడుగుల హల్వా పొట్లం ఉంది. బెంజమిన్ తెచ్చాడు. తేకపోతే అరుస్తానని తెచ్చాడు.

ఇంకోటి కూడా ఉంది. తెల్లవారుతుండగా, వార్డు లేవకముందు, నేను వట్టి కాళ్లతో వెనక వరండాలోకి పోయి, కుళాయిల దగ్గర నిలబడి బీడీ కాల్చుకునేవాణ్ణి. నేలంతా తడి. కాలికి ఆ తడి తెలిసేది కాదు.

మంగళవారాలు

డాక్టర్ సుభద్ర అని చిన్న వయసావిడ కొత్తగా వచ్చింది. ముసలివాళ్ల వైద్యం ఎవరికి వాళ్లు చేసేది కాదని, అందరూ కలిసి చేయడం నేర్చుకోవాలని ఆవిడ పట్టుదల. పెద్దవాళ్లని ఒప్పించి మంగళవారం పొద్దుట ఒక మంచం చుట్టూ అందర్నీ నిలబెట్టేది. సర్జన్, చక్కెర డాక్టరు, కసరత్తు మాస్టారు, సిస్టర్లు, మందుల గది మనిషి, నేర్చుకునే పిల్ల డాక్టర్లు. ఆ మంచానికి మంగళవారం మంచం అని పేరు పడింది. వార్డులో అందరికంటే కంపు కొట్టే కేసు నాది కాబట్టి నా మంచమే దొరికింది.

"నానేటి, జూలో పులినా?" అన్నాను గట్టిగా.

"పులి అయితే చెప్పలేదు తాతగారూ. మీరు చెప్పగలరని వచ్చాం," అందావిడ.

ఆవిడ పెట్టిన పద్ధతి ఏమిటంటే, మొదట సిస్టరు మాట్లాడాలి. సర్జన్ గారు చివర్న మాట్లాడాలి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డుపడకూడదు.

"నాటకం బాగుందమ్మా. మరి మందు కూడా పేషంటే రాసుకుంటాడా?" అన్నారు సర్జన్ గారు. పిల్ల డాక్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను.

కరుణమ్మ గొంతు సవరించుకుంది. రౌండ్లలో ట్రే పట్టుకుని వెనక నిలబడటమే తప్ప ముందు మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. "పొద్దున కట్టు విప్పేసరికి అడుగున తడిగా ఉంటోంది సార్. కొన్నాళ్లుగా చూస్తున్నాను."

"నువ్వు పొడిగా కట్టకపోతే తడిగానే ఉంటుంది," అన్నారు సర్జన్ గారు.

"ఆవిడ మాట పూర్తి కానివ్వండి సార్," అంది సుభద్ర.

మాస్టారు అందుకున్నాడు. "మధ్యాహ్నం నేను నిలబెట్టేటప్పుడు పొడిగానే..."

"నిలబెడుతున్నావా? ఎవడు చెప్పాడు నీకు?"

"మంచాన పడేసి ఉంచమని నాకెవరూ చెప్పలేదు సార్!"

ఇక చూడాలి. నా కాలి మీదుగా ఒకరి మొహం మీద ఒకరు వేళ్లు చూపించుకున్నారు. చక్కెర డాక్టరు గోడ మీది గడియారం చూస్తున్నాడు. సుభద్ర చివరికి నా వైపు తిరిగింది.

"తాతగారూ, కట్టు ఎందుకు తడుస్తోందో మీకేమైనా తెలుసా?"

అందరూ ఆగి నన్ను చూశారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను.

"నాకేటి తెలుస్తాది తల్లీ, నిద్రలో ఉంటాను. సిస్టరమ్మకి ఎన్ని పన్లు! తొందరలో ఏటి సేత్తాది పాపం."

ఆ 'పాపం' అన్నది నేను కావాలని కలిపాను. కరుణమ్మ కళ్లద్దాల్లోంచి నన్ను ఒక్కసారి చూసింది. మర్నాడు ఆవిణ్ణి ఆ వార్డులోంచి తీసేసి, బట్టలు ఉడకబెట్టే గదికి పంపారు.

సర్జన్ గారు వెళ్తూ సుభద్రతో అన్న మాట నాకు వినబడింది. "వచ్చే మంగళవారానికి ఆ ఎరుపు చీలమండ దాటితే మోకాలి కింద కోసేస్తాను. ఈ సభలు కూడా అంతటితో సరి."

మధ్యలో వారం

సుగుణ మర్నాడు వచ్చి నిలబడే మాట్లాడింది.

"కుళాయిల కాడికి పోయి బీడీ కాలుత్తన్నావు. నీ నోటి వాసనే సెప్తంది."

"మెల్లగా."

"ఎందుకు మెల్లగా? వరండాలో నాను పస్తుంటే ఆ సిస్టరమ్మ తన టిపినీలో సగం నాకెట్టింది. నువ్వు ఆవిణ్ణి నలుగుర్లో నిలబెట్టి తగలెట్టీసినావు. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

నేను గ్లాసు విసిరేశాను. ఆవిడకి తగల్లేదు, గోడకి తగిలింది. ముప్పై ఏళ్ల పైన కాపురంలో అలా విసరడం అది మొదటిసారి కాదు. ఆవిడ గ్లాసు తీసి, కడిగి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వారం మళ్లీ రాలేదు.

కొత్త సిస్టరు కట్టు కట్టేది, నా మొహం చూసేది కాదు. జ్వరం వచ్చింది. ఎరుపు చీలమండ అంచుకి పాకింది. ఒక సాయంత్రం బెంజమిన్ కేరియరు పట్టుకుని వచ్చాడు.

"మా సుగుణప్ప రాదు. నన్నంపింది."

"ఆల్వా తెచ్చినావా?"

"తెత్తే మా అప్ప నన్ను ఓడ కింద తోసీగల్దు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బావా, ఒక మాటడగనా? వించ్ మీద నానున్నప్పుడు ఎవుడి సెయ్యి సూసి సరుకు దింపీవోణ్ణి?"

"సిగ్నల్ మనిసి సెయ్యి. అదేటి పెశ్న?"

"ఆడొక్కడిదే కదా. మరి ఆపమని ఎవుడు సెప్పొచ్చు?"

హార్బరులో పని చేసినవాడికి అది అన్నప్రాశన నాటి పాఠం. ఎత్తమనీ దించమనీ చెప్పేది ఒక్క సిగ్నల్ మనిషే. ఆపమని మాత్రం ఎవడైనా అరవొచ్చు. మంచినీళ్లు మోసేవాడు అరిచినా వించ్ ఆగాలి. ఎందుకని తర్వాత అడగాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆ మాట నేర్పింది నేనే.

"ఆ సిస్టరమ్మ ఆపమంది బావా," అన్నాడు బెంజమిన్. "నువ్వు ఆవిడి నోరు కట్టీసినావు. ఇప్పుడు సరుకు నీ కాలు మీదకే దిగుతంది."

"లెగిసి పో," అన్నాను.

"పోతాను. ఈ అన్నం మాత్రం నానే తినీస్తన్నాను. నువ్వు ముట్టవంట కదా, డాట్టరు గారు సెప్పినారు." నిజంగానే నా ఎదురుగా కూర్చుని కేరియరు మొత్తం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని పోయాడు.

మళ్లీ మంగళవారం

నాకు పశ్చాత్తాపం కలిగి మాట్లాడానని రాయడం తేలిక. అలా జరగలేదు. భయం వేసి మాట్లాడాను.

అందరూ మళ్లీ మంచం చుట్టూ చేరారు. సుభద్ర కొత్త సిస్టరు వైపు తిరిగి, "ముందు మీరు చెప్పండి," అంది. కట్టులోంచి వాసన వస్తోంది. వెనక నిలబడ్డ పిల్ల డాక్టరు రుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఆ సిస్టరు నేల చూస్తూ, "అంతా బాగానే ఉంది మేడమ్," అంది.

కరుణమ్మకి ఏమైందో ఆ పిల్ల చూసింది. ఇక ఈ వార్డులో నా కోసం ఆపమని అరిచేవాళ్లు ఎవరూ లేరు. అలా చేసింది నేనే.

"ఆపండి," అన్నాను. హార్బరులో అరిచినట్టే అరిచాను. "అంతా బాగోలేదు. నాను పొద్దున్నే వట్టి కాళ్లతో కుళాయిల కాడికి పోతన్నాను. ఆ తడి అదే. కరుణమ్మ తప్పేటీ లేదు."

హల్వా సంగతీ, ఎవరితో ఏ అబద్ధం ఆడానో ఆ సంగతీ వరసగా చెప్పేశాను. కసరత్తు మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్నాళ్లూ మమ్మల్ని ఆడించావన్నమాట," అన్నారు సర్జన్ గారు. "నీ కాలు పోతే నన్ను తిట్టకు, నిన్ను నువ్వే తిట్టుకో."

సుభద్ర నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. "తడి నేల మీద నిలబడితే చల్లగా అనిపించలేదా?" అని మాత్రం అడిగింది.

"నేదు తల్లీ. ఎండలో మెట్లెక్కినప్పుడు కాలనూ లేదు."

నన్ను కళ్లు మూసుకోమంది. గుచ్చినప్పుడల్లా చెప్పమంది. నేను ఎదురు చూస్తూ పడుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. విసుగొచ్చి కళ్లు తెరిస్తే, గుండుసూది పట్టుకుని ఆవిడ నా చీలమండ పైన గుచ్చుతోంది. పాదమంతా చిన్న చిన్న చుక్కలు.

"ఈ పరీక్ష ఇంతకు ముందు ఎవరు చేశారు?" అని అడిగింది.

సర్జన్ గారు చక్కెర డాక్టరుని చూశారు. ఆయన మాస్టారిని చూశాడు. మాస్టారు సర్జన్ గారిని చూశాడు. పక్కవాడు చేసే ఉంటాడని ఎవరికి వాళ్లు అనుకున్నారు. నొప్పి తెలియని కాలిని ఒకరు నిలబెట్టారు, ఒకరు కోస్తామన్నారు, ఒకరు చూడనే లేదు. నా అబద్ధాలు నావే. కానీ వాళ్లు ఒకరితో ఒకరు ఒక్క మాట ఆడుకుని ఉంటే నా అబద్ధం ఒక్క పూట కూడా నిలిచేది కాదు. ఇప్పటికీ నా కోపం అక్కడే ఆగి ఉంది.

సర్జన్ గారు సూది అందుకుని మళ్లీ ఆయనే మొదట్నించీ గుచ్చి చూశారు. తర్వాత మాట్లాడినప్పుడు ఆయన గొంతు తగ్గింది. ముందు భాగం దక్కదన్నారు. మడమ ఉంచడానికి చూస్తానన్నారు. మడమ ఉంటే నడిపించగలనన్నాడు మాస్టారు. ముందు చక్కెర దించనివ్వండి అన్నాడు చక్కెర డాక్టరు. వాళ్లు నన్ను మర్చిపోయి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు. అనుకున్నదంతా సుభద్ర ఒకరి చేత చెప్పించి, నా చేత తిరిగి చెప్పించింది.

"ఆ తడి సంగతి చెప్పిన సిస్టరే కట్టు కట్టాలి," అన్నారు సర్జన్ గారు. అంతకు మించి ఆయన నోట క్షమాపణ రాలేదు.

ఆపరేషను తర్వాత

వేళ్లు పోయాయి. పాదం ముందు సగం పోయింది. మడమ దక్కింది. సుగుణ ఆపరేషను రోజున వచ్చింది. నన్ను చూడటానికి లోపలికి రాకుండా, ముందు కరుణమ్మని వెతుక్కుంటూ పోయింది.

కరుణమ్మ మొదటిసారి కట్టు విప్పేటప్పుడు, "తప్పయిపోయిందమ్మా, నన్ను మన్నించు," అన్నాను.

"కాలు కదపకండి," అందావిడ.

కట్టు పూర్తయ్యే దాకా ఎదురు చూశాను. ట్రే సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఆ మాట నా బరువు దించుకోవడానికి అన్నానని ఆవిడకి తెలుసు.

ఇప్పుడు

పంతొమ్మిది వందల ఎనభై ఏడు నడుస్తోంది. బూటు ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని నడుస్తాను. ఇంట్లో గ్లాసులు విసరడం మానేశాను. సుగుణ మాత్రం నేను గొంతు పెంచితే ఇప్పటికీ చేతిలో పని ఆపి ఒక అడుగు వెనక్కి వేస్తుంది. అది మానిపించే మందు నాకు దొరకలేదు.

ఆ మంగళవారాలు ఆగలేదు. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా సుభద్ర గారు నన్ను రమ్మంటారు. మల్కాపురంలో బస్సెక్కి పోయి, బూటు విప్పి, పాఠం కోసం కాలికి అప్పటిలాగే కట్టు కట్టించుకుని, ఆ మంచమ్మీదే పడుకుంటాను. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నన్ను ప్రశ్నలడుగుతారు. అప్పట్లో ఎవరికి ఏ అబద్ధం చెప్పానో వాళ్లకి అదే చెప్పాలి. డాక్టరుకి ఒకటి, సిస్టరుకి ఒకటి, కసరత్తు నేర్చుకునేవాడికి ఒకటి. తర్వాత వాళ్లంతా ఒకచోట చేరి విన్నది కలుపుకుంటే నిజం బయటపడుతుంది. కలుపుకోని బ్యాచి ప్రతిసారీ నా కాలు కోసేస్తుంది.

ఇప్పుడు సిస్టర్లకి నేర్పేది కరుణమ్మే. మొన్న మంగళవారం తన దగ్గర నేర్చుకునే పిల్లల్ని తీసుకొచ్చి నా మంచం కొసన నిలబెట్టింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఈయన పచ్చి అబద్ధాలకోరు. విన్నది మీ దగ్గర దాచుకోకండి. వెంటనే పక్కవాళ్లకి చెప్పండి. పెద్ద డాక్టరు కసిరినా చెప్పండి."

పిల్లలు నవ్వారు. పాఠంలో భాగమనుకున్నారు. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మొదటి అమ్మాయి ముందుకొచ్చింది. కాస్త భయంగా, "తాతగారూ, పొద్దున్నే లేచి ఎక్కడికైనా నడుస్తున్నారా?" అని అడిగింది.

"నేదు తల్లీ," అన్నాను. "మంచం దిగనే లేదు."

ఆ అమ్మాయి నా మాట విని ఊరుకోలేదు. వంగి, కట్టు అడుగున వేలు పెట్టి చూసింది.